పెద్దకూర మొద్దు దగ్గర కుళాయి ఏదీ?

పెద్దకూర కొట్టు ముందునించి ముక్కు మూసుకుని పోయే పెద్దమనుషులు మన ఊళ్ళల్లో చాలామందే ఉన్నారు. 'శుభ్రం లేని మనుషులు, శుభ్రం లేని తిండి' అని ఒక్క మాటతో తేల్చేస్తారు. కులం పేరెత్తితే కేసవుతుందని ఇప్పుడు శుభ్రం పేరెత్తుతున్నారు. అంతే తేడా.

సరే, శుభ్రం గురించే మాట్లాడదాం. ఆరోగ్యంగా ఉన్న పశువు కండలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. అవి ఉండేది తోలు మీద, గిట్టల మీద, పేగుల్లో. తోలు బయటివైపు కండకు తగిలినా, పేగు తెగి పేడ కారినా, ఆ కత్తే కడక్కుండా మళ్ళీ కండలో దిగినా అవి మాంసం మీదికెక్కుతాయి. సాల్మొనెల్లా, ఈ.కొలై ఇట్లా వచ్చేవే. వేడీ తడీ కుదిరితే ఒక బాక్టీరియా 20 నిమిషాలకు రెండవుతుంది. తెల్లారి 5 గంటలకు ఒక్కటుంటే, లెక్క ప్రకారం మధ్యాహ్నం 12కి 20 లక్షలు దాటుతాయి. దీనికి విరుగుడేంది? నీళ్ళు, సబ్బు, మరిగే నీళ్ళల్లో ముంచిన కత్తి, మురుగు పోయే కాలవ, చల్లదనం. మడిబట్ట కట్టుకుంటే చచ్చే బాక్టీరియా ఒక్కటి కూడా లేదు.

మరి వీటిలో మన కొట్టుకాడ ఉన్నదేది? తెల్లారి ఒక బకెట్టు నీళ్ళు మోసుకొస్తే చేతులూ అందులోనే, కత్తీ అందులోనే, బోటీ అందులోనే. గంట తిరిగేసరికి అవి పేడనీళ్ళే. కడుక్కోడని తిట్టేవాడు, కడుక్కోటానికి నీళ్ళెక్కడున్నాయో మాత్రం చూపించడు. కబేళాలు, తోళ్ళ కార్ఖానాల నియంత్రణ మునిసిపాలిటీల పని అని రాజ్యాంగం 12వ షెడ్యూల్లో, 18వ అంశంగా ఉంది. 1992లో 74వ సవరణతో చేర్చారు. ఆ షెడ్యూలు చదవని మునిసిపాలిటీకి పొద్దున్నే ఆశీలు వసూలు చెయ్యటం మాత్రం గుర్తుంటుంది! పశువును కోసేముందూ కోసినాకా చూడాల్సిన డాక్టరు మన మొద్దు దగ్గరికి ఎన్నిసార్లొచ్చాడో మీరే లెక్క చెప్పండి.

అదే బర్రె ఎగుమతి కబేళాకు పోతే మర్యాదే వేరు. ఎముకలు తీసేముందు 24 గంటలు చలిగదిలో వేలాడదీస్తారు. డాలర్లిచ్చేవాడి కడుపు కడుపు, మాదిగ పిల్లగాడి కడుపు కడుపు కాదా? పోనీ పెద్ద కంపెనీ అయితే శుభ్రమేనా అంటే అదీ లేదు. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని ఈ.కొలైతో నలుగురు పిల్లలు చనిపోయారు. 2017-18లో దక్షిణాఫ్రికాలో ఒక మాంసం ఫ్యాక్టరీ నుంచి పాకిన లిస్టీరియా 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ ఫ్యాక్టరీల వాళ్ళని ఎవరూ పుట్టుకతో మురికోళ్ళనలేదు.

మనోళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. చచ్చిన గొడ్డు సంగతి. 1927లో మహద్‌లోనే అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం మానమన్నాడు. ఆయన చెప్పింది ఆత్మగౌరవం కోసం. ప్రాణం కోసం కూడా వినాల్సిన మాట అది. నిన్నటిదాకా బాగున్న పశువు ఉన్నట్టుండి పడిపోయి, ముక్కు నుంచీ నోటి నుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి గట్టి గింజలాగా మారి మట్టిలో పదుల ఏళ్ళు బతుకుతుంది. కాసేపు ఉడికిస్తే చస్తుందన్న నమ్మకం లేదు. 2016లో అరకు ప్రాంతంలో గిరిజనులకు చేతుల మీద పుండ్లు లేచింది ఈ రోగంతోనే. ఆసామి 'లాక్కపోయి కోసుకోండిరా' అంటే 'ముందు డాక్టర్ని పిలువు' అనండి. ఫుకట్‌గా ఇచ్చేదాంట్లో ఏముందో వాడికి తెలుసు.

చేతికి పుండున్న మనిషి మాంసం ముట్టకూడదు. పుండులోని స్టెఫైలోకాకస్ వదిలే విషం ఉడికించినా పోదు. ఫంక్షన్లలో పెద్ద దేగిశాలో వండిన కూర రాత్రంతా అట్లనే వదిలేసి తెల్లారి తినొద్దు. పైన చల్లారినా అడుగున వెచ్చగానే ఉంటుంది, బాక్టీరియాకు అదే కావాలి. మన ముసలమ్మలు మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు పట్టించి, తీగ మీద ఎండేసి ఏడాదంతా దాచారు. తేమ లేకపోతే బాక్టీరియా పెరగదు. ఫ్రిజ్ లేని ఇండ్లల్లో పుట్టిన సైన్సు అది. ఎండు తునకల్ని చూసి నవ్వేవాళ్ళకి అది ఎవరు చెప్పాలి?

వచ్చే కౌన్సిల్ మీటింగు లోపల ప్రతి పట్టణంలో మనవాళ్ళు అర్జీ పెట్టాలి. అందులో రాయాల్సింది: మొద్దు దగ్గరికి కుళాయి, కడిగితే జారిపోయే సిమెంటు గచ్చు, మూతున్న మురుగుకాలవ, తెల్లారి పశువుల డాక్టరు. కట్టిన ఆశీలు రసీదులు కూడా జతచెయ్యండి.