ఆర్డర్ బుక్కులో ఒక్క గడి

మొన్న మేళ్లచెరువులో నాకు తెలిసిన ఫొటో స్టూడియోలో కూర్చుని ఉండగా, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్ తీసి స్టూడియో కుర్రాడి ముందు పెట్టాడు. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ రీల్ అది. జడకుప్పెలు, కొత్త ఓణీ, పైనుంచి డ్రోన్ షాటు, చివర్లో స్టూడియో పేరు, ఫోన్ నంబరు. వేలమంది చూశారు.

“బాగా తీశావు తమ్ముడూ, కాదనను. కానీ కింద ఎవరెవరో ఏమేమో రాస్తున్నారు. మూడు రోజుల నుంచి పిల్ల బడికి పోనంటుంది. తీసెయ్యవయ్యా” అన్నాడాయన. ఆ తల్లి మాత్రం ఒకే మాట అడిగింది. “పెట్టేముందు మమ్మల్ని అడగాల్సింది గదా అయ్యా?”

కుర్రాడు అక్కడికక్కడే తీసేశాడు. అప్పటికే ఇంకో రెండు పేజీలవాళ్లు దాన్ని ఎత్తుకుపోయి పెట్టుకున్నారు. వాటిని తీయించడం అతని చేతిలో లేదు.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, పనిమంతుడు. అతని అవసరం నాకు తెలుసు. పాస్‌పోర్ట్ ఫొటోల గిరాకీని ఫోన్ కెమెరాలు తినేశాయి. కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ టీములు పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి పెళ్లింట్లో దిగుతున్నాయి. మిర్యాలగూడ సంబంధమైనా, సూర్యాపేట సంబంధమైనా, పెళ్లివారు ముందు ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసి ఆ తర్వాతే అడ్వాన్స్ మాట ఎత్తుతున్నారు. 2020 జూన్‌లో టిక్‌టాక్ మీద నిషేధం పడింది. ఆ మరుసటి నెలే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. అప్పటి నుంచి చిన్న స్టూడియోకు రీలే సైన్‌బోర్డు. ఆ బోర్డు దించేయమని నేను చెప్పను. దాని మీద ఎవరి ముఖం పెడుతున్నామో, వాళ్లను అడిగి పెట్టమంటున్నాను.

రీలు కెమెరాల కాలంలో ప్రతి స్టూడియో ముందూ అద్దాల షోకేసు ఉండేది. అందులో ఒక పెళ్లికూతురు, ఒక పసిపాప, ఒక ముసలి జంట. ఆ ఫొటో పెట్టడానికి ఇంటి పెద్దను అడిగేవాళ్లు. పెద్ద సైజు కాపీ ఒకటి ఊరికే ఇచ్చేవాళ్లు. అది చూసేది కూడా బస్టాండుకు వచ్చీపోయేవాళ్లే, తెలిసిన ముఖాలే. ఇప్పుడు షోకేసు ముందు లోకమంతా నిలబడి ఉంది. అడగాల్సిన అవసరం పెరిగింది, అడిగే అలవాటు పోయింది.

ఫొటోగ్రఫీలో నమ్మకమే పెట్టుబడి అన్న సంగతి మన నేల మీద పాతదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫొటో తీసేది ఆడమనిషే. పరదా దాటని కుటుంబాల స్త్రీలు ధైర్యంగా వచ్చి కెమెరా ముందు కూర్చున్నారంటే, తమ బొమ్మ ఎవరి కంట పడుతుందో వాళ్లకు భరోసా ఉండబట్టే. మేళ్లచెరువు ఆడపిల్లకు కూడా ఆ భరోసాయే కావాలి.

చాలామంది ఫొటోగ్రాఫర్లు “క్లిక్ కొట్టింది నేను, ఫొటో నాది” అంటారు. చట్టం అలా అనదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఆ తల్లి అడిగిన మాటే ఈ చట్టాల్లోనూ ఉంది.

మరి ఏం చేయాలి? నేను ఆ కుర్రాడి ఆర్డర్ బుక్కు చూశాను. కార్బన్ పెట్టి రాసే మామూలు బుక్కే. ముహూర్తం, ఫంక్షన్ హాలు, ఆల్బమ్ షీట్లు, డ్రోన్, అడ్వాన్స్, బాకీ... అన్నిటికీ గళ్లున్నాయి. పేజీలో పెట్టే సంగతికి మాత్రం గడి లేదు. అదే రోజు ఒకటి గీయించాను. “మీ ఫొటోలు, వీడియోలు మా పేజీలో పెట్టవచ్చా?” దాని పక్కన మూడు జవాబులు: పెట్టవచ్చు, మేం చూసి ఒప్పుకున్నాకే పెట్టాలి, వద్దు. కింద సంతకం. పెళ్లయితే వధువు తరఫున ఒకటి, వరుడి తరఫున ఒకటి. ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్, అన్నప్రాశన అయితే అమ్మానాన్నలది. పిల్ల పెద్దదైతే పిల్లనూ అడగాలి. ఒకసారి ఒప్పుకున్నవాళ్లు తర్వాత వద్దంటే, మారు మాట్లాడకుండా తీసేయాలి.

“అందరూ వద్దంటే పేజీ ఖాళీ అవుతుంది గదన్నా?” అన్నాడు కుర్రాడు. కాదు. శివరాత్రికి ఇక్కడి శంభులింగేశ్వర స్వామి జాతర ఉండనే ఉంది. ప్రభలున్నాయి, ఎడ్ల పందేలున్నాయి. బండ లాగే గిత్తల కాళ్ల కింద లేచే దుమ్మును దగ్గర్నుంచి తీసి, ఆ రైతును అడిగి, జత పేరుతో పెట్టి చూడు. ఆయనే పది ఊళ్లకు ఫోన్ చేసి చూడమంటాడు. మంగళసూత్రం ముడి వేసే చేతులు, తలంబ్రాల పళ్లెం, పందిరి, అప్పగింతలప్పుడు ముసలమ్మ పట్టుకున్న కొంగు... ముఖాలు కనబడకపోయినా పనితనం కనబడుతుంది. ఇలాంటివి హైదరాబాద్ టీము పేజీలో దొరకవు.

మిగతా జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. ఇంకొకరి ఫొటో తెచ్చి మన పేరు వేసుకోకూడదు. ఒక్కసారి బయటపడితే ఊళ్లో పరువు పోతుంది. పెళ్లి వేడుకలో పాట మోగించడం వేరు, మన స్టూడియో ప్రచారానికి అదే పాట రీలుకు తగిలించడం వేరు; వ్యాపార ఖాతాకు అనుమతి ఉన్న సంగీతమే వాడాలి. రేటు అడిగినవాళ్లకు ఆ రోజే జవాబివ్వాలి. “మీ పేజీ మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కండి” అని వచ్చే మెసేజీలను నమ్మకూడదు; రెండంచెల భద్రత పెట్టుకుని ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. పేజీ రేపు పోయినా పని మిగలాలంటే ప్రతి ఫంక్షన్ ఫొటోలు, వీడియోలు రెండు హార్డ్ డిస్కుల్లో దాచుకోవాలి.

మన చిన్న ఊళ్లలో అమ్మ పెళ్లి ఫొటోలు తీసినాయన దగ్గరికే కూతురి పెళ్లి ఆర్డరు కూడా వెళ్తుంది. నలభై వేల వ్యూస్ వచ్చినా దొరకని ఆర్డరు అది. ఆ ఇంటి నమ్మకం పోగొట్టుకుంటే ఏ రీలూ దాన్ని తిరిగి తేలేదు.

ఫొటోగ్రాఫర్ తమ్ముళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ముహూర్తాలకు కొత్త ఆర్డర్ బుక్కు అచ్చు వేయించేటప్పుడు ఆ ఒక్క గడి చేర్చండి. అడ్వాన్స్ ఇచ్చే అమ్మానాన్నలారా, ఆ గడి లేకపోతే మీరే అడిగి రాయించండి.