బావి లెక్క యెవరికొరకు?

కోనసీమలో ప్రతి సెంటు భూమికిని లెక్క కలదు. ఏ చేనిలో ఏ పైరున్నదియు గ్రామలెక్కల కెక్కును. కాని అదే చేని ప్రక్కన వేల అడుగుల లోతునకు త్రవ్విన వాయుకూపపు స్థితిగతులు మాత్ర మా గ్రామలెక్కలలో కానరావు. ఇది న్యాయమా?

అసలు లెక్కలే లేవని మే మనుట లేదు. బావి త్రవ్వువారు నానాటి లోతును, దింపిన యుక్కు గొట్టములను, వాని చుట్టు నింపిన సిమెంటును, లోనికి పంపు బురద బరువును వ్రాసికొందురు. ఆ బురద బరువు చాలనిచో అడుగున నున్న వాయువు పైకి తన్నుకొనివచ్చును. దాని నరికట్టు కవాటములను తరచు పరీక్షించి, ఫలితమును నమోదు చేయవలెను. ఆ పుస్తకములో నొక్క యంకె తప్పినను ఊరికే ముప్పు.

ఇది యూహామాత్రము కాదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి పేలి, రమారమి 65 దినములు మండెను. ఇల్లు కాలునపుడు నుయ్యి త్రవ్వుట సామెత. ఇచట నుయ్యియే యూరిమీద నిప్పు చెరిగినది. 2014 జూన్ 27న నగరం గ్రామమున గెయిల్ వాయుగొట్టము పగిలి ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి.

చట్టములకు కొదువ లేదు. 1948 నాటి చమురు క్షేత్రముల చట్టమున్నది. 2025లో దానిని సవరించిరి. 1993లో హైడ్రోకార్బన్ల డైరెక్టరేటు జనరలును నెలకొల్పిరి. మెట్టప్రాంతపు బావుల భద్రతను గనుల భద్రతాశాఖ చూచుచున్నది. అధికారులు పెక్కురు, కాని ముప్పు పాలగువా డొక్కడే, ఆ గ్రామస్థుడు.

వ్యాపార రహస్యము బయటపడునని కొంద రందురు. చమురెచట నున్నదో రహస్యము కావచ్చును. కవాట మెన్నడు పరీక్షింపబడెనో యెట్లు రహస్యమగును?

కావున ప్రతి బావికి నొక పత్రము తెనుగున వ్రాయించి, పంచాయతీ కార్యాలయమున నుంచవలెను. సర్వే నంబరు, లోతు, కడపటి పరీక్ష తేదీ, దాని ఫలితము అందుండవలెను. విడిచిపెట్టిన బావియైనచో, దానిని సిమెంటుతో మూసిన తేదీయు నుండవలెను. ఏలన త్రవ్వినవారు వెడలిపోవుదురు, బావి యచటనే యుండును. పరీక్షాధికారి సంస్థవా రిచ్చిన యంకెలపై సంతకముచేసి పోక, తాను స్వయముగా కొలిచి వ్రాయవలెను.

ప్రమాదము జరిగిన పిదప విచారణసంఘము చదువు పుస్తకమును, ప్రమాదమునకు ముందే ప్రజలచే చదివింపుడు. శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఈ స్వల్పకార్యమును సాధింపలేరా?