గ్రీన్‌హౌస్‌లో కొత్త తరం

నెదర్లాండ్స్‌లోని బ్లైస్‌వైక్‌లో 2018లో వాగెనింగెన్ విశ్వవిద్యాలయం ఓ పోటీ పెట్టింది. ఒక్కో జట్టుకు 96 చదరపు మీటర్ల గ్రీన్‌హౌస్ గది ఇచ్చి కీరదోస పండించమంది. వేడి, వెలుతురు, తేమ, నీరు, ఎరువు అన్నీ దూరం నుంచే కృత్రిమ మేధ సాయంతో నడపాలి. పక్కనే చేయి తిరిగిన రైతులు తమ పద్ధతిలో సాగు చేశారు. ఆ ఏడు వారిని మించి లాభం చూపింది ఒక్క జట్టే. తర్వాతి విడతలో చెర్రీ టమాటా వేస్తే ఐదు జట్లూ రైతులను దాటేశాయి. గెలిచిన జట్టులో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారూ, తోటల రంగంలో పండిపోయినవారూ కలిసి పనిచేశారు.

ఆ కలయికే అసలు విశేషం. అనుభవమున్న టమాటా రైతు వారం వారం తీగ తల దగ్గర కాండం మందం కొలుస్తాడు. కొసకు ఊదా ఛాయ తిరిగితే మొక్క కాపు వైపు మొగ్గిందనీ, కాండం లావెక్కి ఆకు గుబురైతే ఒట్టి ఎదుగుదలకే బలం పోతోందనీ పోల్చుకుంటాడు. కెమెరాలకు ఇప్పుడు నేర్పుతున్నది ఇలాంటి గుర్తులనే. ఆకు తుంచడం, కోత కోయడం ఆ పోటీలోనూ మనుషుల పనే!

సెన్సర్ తప్పు చెబితే పట్టుకోగలిగేది మొక్కను ఎరిగినవారే. అందుకే ఈ రంగంలోకి వచ్చే యువతను తెర ముందు కూర్చోబెట్టే ముందు, ఒక పంటకాలమైనా మొక్కల వరుసల్లో పని చేయించాలి. వారి తోటలో పుట్టే డేటా మీద హక్కు కూడా సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి కాక వారికే ఉండేలా ఒప్పందాలు రాయాలి.