చిత్రములు లేని చట్రములు

కలిమినాటి పెద్దరికము వేరు, లేమినాటి పెద్దరికము వేరు. ధనమును ప్రజాదరణమును సమృద్ధిగా ఉన్న దినములలో ఒక కళాసంస్థను నడుపుట అంత కష్టము కాదు. యుద్ధమో, వఱదయో, మహమ్మారియో వచ్చి తలుపులు మూయవలసినపుడే నాయకుని యోగ్యత బయటపడును. అట్టివేళ, “ప్రాణములు దక్కిన చాలును, ఇప్పుడు కళలెందుకు?” అను ప్రశ్న తప్పక పుట్టును. అది అన్యాయమైన ప్రశ్న కాదు. దానికి 1941లో లెనిన్‌గ్రాడు నగరమందలి హెర్మిటేజు ప్రదర్శనశాల తన నడవడితో చెప్పిన సమాధానము ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది.

నేడు సెయింట్ పీటర్స్‌బర్గు అను పూర్వనామముతో పిలువబడుచున్న ఆ నగరమున, నీవానదీ తీరమున, జారు చక్రవర్తుల శీతాకాల సౌధములో ఆ సంస్థ నెలకొనియున్నది. అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ ఒర్బేలీ. ఆర్మీనియా వంశీయుడు, ప్రాచ్యవిద్యా పండితుడు. సోవియట్ ప్రభుత్వము విదేశ ద్రవ్యమునకై హెర్మిటేజు నిధులను అమ్ముచున్న కాలమున, 1931లో, రఫేలు చిత్రించిన ఆల్బా మడోన్నా సముద్రము దాటి అమెరికాకు పోయెను. మరుసటి యేట ఒర్బేలీ, ప్రాచ్యవిభాగపు వస్తువులనైన విడిచిపెట్టుడని స్టాలినుకే లేఖ వ్రాసెను. శత్రువుల వలననే కాక స్వజనుల వలనను కళకు విపత్తు కలుగునని ఆయన యెఱుగును.

1941 జూన్ 22న జర్మనీ దండెత్తెను. పెట్టెలును, వాటిని నింపు క్రమమును ముందే సిద్ధపడియుండుటచే, ఉద్యోగులు రేయింబవళ్లు శ్రమించి జూలై నెలలోనే రెండు రైళ్లలో పది లక్షలకు పైగా వస్తువులను ఉరల్ పర్వత ప్రాంతమందలి స్వెర్ద్‌లోవ్‌స్కుకు పంపిరి. మూడవ రైలు కదలకమునుపే మార్గము మూసికొనిపోయెను. సెప్టెంబరు 8న ముట్టడి ఆరంభమయ్యెను.

ఆ శీతాకాలమున ఒక దశలో ఉద్యోగులకును పిల్లలకును దినమునకు లభించిన రొట్టె 125 గ్రాములు. అట్టి కాలమున అక్టోబరు 19న ఒర్బేలీ హెర్మిటేజులో నిజామీ కవి అష్టశత జయంతి జరిపెను. తెలుగువారు చలనచిత్రమున చూచిన లైలా మజ్నూ కథను పారసీక కావ్యముగా వ్రాసినవాడీ నిజామీయే. యుద్ధరంగమునుండి వచ్చి ఆ సభలో ప్రసంగించిన పండితులు కలరు. డిసెంబరులో ఉజ్బెకుల మహాకవి నవాయీ పంచశత జయంతి జరిగెను. అప్పటికి నగరములో వెలుతురు లేదు. నదిలో నిలిచిన ఒక ఓడనుండి తీగ లాగి విద్యుత్తు తెచ్చికొనిరి.

ఆకలితో అలమటించువారికి కవి జయంతి యేల యని అడుగవచ్చును. ఆ సభ ఎవరి ఆకలిని తీర్చలేదు. నవాయీ కవితల అనువాదమును చదివిన లెబెదెవ్ అను పండితుడు కొలది దినములకే మరణించెను. సంస్థ ఉద్యోగులు పలువురు ఆకలికి బలియైరి. కనుక దీనిని కేవలము విజయగాథగా చెప్పుట సత్యము కాదు. అయితే అదే హెర్మిటేజు తన నేలమాళిగలలో సుమారు రెండువేలమందికి ఆశ్రయమిచ్చెనని మరువరాదు. తలదాచుకొనుటకు చోటిచ్చిన తరువాతనే వారు సభ జరిపిరి. ఒకదానికై రెండవదానిని విడువలేదు. ఏ జాతులను నీచములని శత్రువు తలచెనో, ఆ జాతుల కవులను ముట్టడిలోనున్న నగరము గౌరవించుట యుద్ధములో ఒక భాగమే యని వారు భావించిరి.

1942 వసంతమున ఒర్బేలీ నగరము విడిచి ఆర్మీనియాకు వెళ్లెను. భవన భారము దొబ్రొక్లోన్‌స్కీపై పడెను. స్వెర్ద్‌లోవ్‌స్కులోని నిధులకు లెవిన్‌సన్-లెస్సింగ్ కాపరి. నాయకుడు వెడలినను పని నిలువలేదు. చిత్రములు తిరిగి వచ్చినపుడు వాటి చోటు తెలియుటకై ఖాళీ చట్రములను గోడలకే ఉంచిరి. శిథిలములు తొలగించుటకు వచ్చిన సైనికులను వెంటబెట్టుకొని పావెల్ గుబ్చెవ్‌స్కీ అను ఉద్యోగి ఆ చట్రముల ముందు నిలిచి, అందులో ఉండవలసిన చిత్రములను ఒక్కొక్కటిగా మాటలతో వర్ణించి చూపెను. వస్తువులు వేయి మైళ్లకవతల నున్నను ప్రదర్శనశాల పని నడచుచునే యుండెను. 1944 జనవరిలో ముట్టడి వీడెను. 1945 అక్టోబరులో నిధులు తిరిగి వచ్చెను. నవంబరులో హెర్మిటేజు తలుపులు మరల తెఱువబడెను.

తెలుగునాట పాఠశాల గ్రంథాలయమునకు, గ్రామ నాట్యమండలికి ఇంతటి ఆపద రాకుండుగాక! కాని తుపానులును వఱదలును రాక మానవు. 2020లో కరోనా వ్యాధి బడులను, రంగస్థలములను ఒక్కసారిగా మూయించెను. ఏ గ్రంథములను మొదట కాపాడవలెనో పట్టిక కలదా? ప్రధానోపాధ్యాయుడు లేనినాడు తాళపుచెవిని, బాధ్యతను స్వీకరించువారెవరు? భవనము మూతపడినను పిల్లలకు కథ చెప్పువారుందురా? ప్రతి సంస్థయు కలిమి దినములలోనే ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి ఉంచుకొనవలెను. పుస్తకములు తడిసిపోయిన పాఠశాలలోనైనను, చదివిన కథను జ్ఞప్తికి తెచ్చుకొని పిల్లలకు చెప్పగల ఉపాధ్యాయుడొకడున్నచో, ఆ గ్రంథాలయము పూర్తిగా నశించినట్లు కాదు.