ఉన్ని కోటు బాకీ

పోయిన డిసెంబరులో ఒక సోమవారం తెల్లారుజామున కుప్పం రైల్వే స్టేషన్లో నా పాత విద్యార్థి కనబడినాడు. పదో తరగతి దాకా నా దగ్గర చదివినోడు. తలకు తువ్వాలు చుట్టుకోని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకోని బెంగుళూరు రైలు కోసం నిలబడి ఉన్నాడు. "బాగుండావా నాయనా" అని చెయ్యి చాపినాను. చెయ్యి ఇచ్చేదానికి వెనకాడినాడు. తీరా పట్టుకుంటే అది ఇరవై నాలుగేండ్ల పిల్లోడి చెయ్యి మాదిరిగా లేదు. కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా గీతలు. గోళ్ల చుట్టూ తెల్లగా నానిపోయి ఉంది. ఏం పని చేస్తుండావురా అంటే "అద్దాలు తుడిచే పని సార్, వైట్‌ఫీల్డ్ దగ్గర" అన్నాడు.

మన పక్క నుంచి బెంగుళూరుకు కూలికి పోవడం కొత్త సంగతి కాదు. వాన పడితే రాగులు, శెనక్కాయలు. పడకపోతే బెంగుళూరు. ఆ నగరం వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే మాదిగలు ఎంతమంది ఉన్నారో అక్కడి పాత వాడల్లో తిరిగితే తెలుస్తుంది. చిత్తూరు నుంచి, అనంతపురం నుంచి తాతల కాలంలో పోయినవాళ్లు. తాతలు చీపురు పట్టుకోని పోయినారు, మనవళ్లు రబ్బరు వైపర్ పట్టుకోని పోతా ఉన్నారు. చీపురు నేల మీద ఉండేది, వైపర్ పదో అంతస్తులో ఉంది. మనవాళ్లు పైకి వచ్చినారని ఎవరైనా అంటే ఈ ఒక్క అర్థంలో ఒప్పుకోవాల్సిందే.

ఈ పిల్లోడిది రామకుప్పం పక్కన కౌండిన్య అడవి అంచున ఉండే పల్లె. ఏనుగుల భయానికి చీకట్లో ఒంటరిగా బయటికి రారు. నలుగురు కలిసి టార్చిలైటు వేసుకోని రోడ్డుకు వచ్చి, ఆటో ఎక్కి కుప్పం చేరి, అక్కడ రైలు పట్టుకుంటారు. బంగారుపేట, మాలూరు దాటి వైట్‌ఫీల్డ్‌లో దిగేసరికి ఒళ్లంతా గాలికి కొయ్యబారి ఉంటుంది. అట్లనే పోయి తాడు మీదికి ఎక్కాల. వారమంతా ఆరుగురు కలిసి ఉండే రూములో ఉంటారు. ఆదివారానికి ఇంటికి వస్తారు.

పని ఎట్లుంటుందో వాడినే అడిగి తెలుసుకున్నాను, ఎందుకంటే కిందినుంచి చూసేవాళ్లకు అది సాలెపురుగు ఆట మాదిరిగా కనబడుతుంది. మేడ మీద ఇనుప కొక్కేలకు తాడు కడతారు. తాడుకు చెక్క పీట, నడుముకు బెల్టు, పక్కన వేలాడే బకెట్. బకెట్లో నీళ్లు, సబ్బు మందు. బొచ్చుగుడ్డ చుట్టిన కర్రతో అద్దం తడపాల, వైపర్‌తో పైనుంచి లాగాల, అంచులు పొడిగుడ్డతో ఒత్తాల. చెయ్యి పైకెత్తి చేసే పని కాబట్టి నీళ్లు మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి చంకలోకి కారతాయి. మొదటి పది నిముషాల్లోనే లోపలి బనీను తడుస్తుంది. ఆ వరస మొత్తం తుడిచి నేలకు దిగేదాకా ఆ తడిబట్టే ఒంటిమీద.

ఎండ పడకముందే తుడవాలంటాడు సూపర్‌వైజరు. ఎండలో నీళ్లు అద్దం మీదే ఆరిపోయి మచ్చలు పడతాయి, ఆ మాట నిజమే. రెండోది ఆయన నోరు తెరిచి చెప్పడు గానీ అందరికీ తెలుసు. ఆఫీసువాళ్లు వచ్చి కూచునే లోపల వీళ్లు కిటికీల ముందు నుంచి తప్పుకోవాల. పడమటి గోడకు ఎట్లాగూ మధ్యాన్నం దాకా ఎండ రాదు. డిసెంబరులో పొద్దున్నే పడమటి గోడ మీదికి దింపినోడి గతి ఆలోచించండి.

"చలి పర్వాలేదు సార్. వేళ్లు కొంకర్లు పోతాయి చూడండి, అప్పుడే భయం. తాడు పట్టుకున్నానో లేదో చేతికి తెలవదు. కండ్లతో చూసుకోవాల" అన్నాడు.

నేను సైన్సు చెప్పే అయివారిని. గాలికంటే నీళ్లు ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. తడి ఆరేటప్పుడు ఇంకా కొంత వేడి పోతుంది. దానికి పదో అంతస్తు గాలి తోడు. ఒళ్లు గుండెను, కడుపును కాపాడుకునేదానికి వేళ్లకు పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది, అందుకే వేళ్లు ముందు మొద్దుబారతాయి. సబ్బు మందు చర్మం మీది జిడ్డును కడిగేస్తుంది, చలిగాలికి చర్మం పగులుతుంది, ఆ పగుళ్లలోకి మళ్లీ మందు పోతుంది. ఈ పాఠం తొమ్మిదో తరగతిలో వాడికి చెప్పినవాణ్ణి నేనే. వాడు వేళ్లతో చదువుకుంటా ఉన్నాడు.

బెంగుళూరు చలి కూడా ఒక చలేనా, కాశ్మీరమా అని నవ్వేవాళ్లు ఉంటారు. అక్కడ జనవరిలో రాత్రి పొద్దు ఉష్ణోగ్రత సగటున 15, 16 డిగ్రీలు ఉంటుంది. 1884 జనవరి 13న 7.8 డిగ్రీలకు దిగింది, ఆ ఊరి లెక్కల్లో అంతకు తగ్గింది లేదు. స్వెట్టరు వేసుకోని కాఫీ తాగేవాడికి 15 డిగ్రీలు హాయి. అదే 15 డిగ్రీల్లో తడి బనీనుతో గాలిలో వేలాడేవాడికి అది వేరే ఊరు, వేరే రుతువు. చలి అందరికీ ఒకటే అనే మాట నేను ఒప్పుకోను. ఎవరికి ఎంత చలి అనేది ఆకాశం నిర్ణయించదు. ఏ గంటకు పని మొదలుపెట్టాలో చెప్పేవాడు నిర్ణయిస్తాడు.

మా నాయన కాలంలో ఆ గంట చెప్పేవాడు ఊరి పెద్దరైతు. పుష్యమాసంలో కళ్లం కాపలాకు మా నాయనను పెట్టేవాడు. రాగికుప్ప ఆయనది, మంచు మా నాయనది. కప్పుకునేదానికి రెండు గోనెసంచులు కలిపి కుట్టింది మా అమ్మ. పెద్దరైతు ఇంట్లో గొంగళ్లు లేక కాదు. మాదిగోడు కప్పుకున్న గొంగళి మళ్లీ ఇంట్లోకి రాదు, అందుకని ఇచ్చేవాడు కాదు. ఆ గోనెపట్టాలోనే నేను కూడా ముడుచుకోని పడుకునేవాణ్ణి. మా ఇంటికి కిటికీ ఉండేది కాదు, తలుపు కూడా తడికే. అద్దాల కిటికీ అనేదాన్ని నేను తాకింది కాలేజీలో చేరినాకనే.

ఇప్పుడు పెద్దరైతు లేడు, కంట్రాక్టరు ఉన్నాడు. నగరంలో కులం లేదంటారు కదా, మరి ఈ తాళ్ల మీద ఎవరున్నారని నేను మాట్లాడిన పిల్లలందర్నీ అడిగినాను. ఎక్కువమంది మాల, మాదిగ ఇండ్లవాళ్లు. ఒకరిద్దరు వడ్డెర పిల్లలు, ఒక ముస్లిం పిల్లోడు. అదే పల్లెల నుంచి అదే పదో తరగతి పాసయి అదే బిల్డింగుకు పోయిన పెద్దకులం పిల్లోడు లోపల కెమెరాల ముందు కుర్చీలో ఉన్నాడు. వాడూ పేదోడే, వాడిమీద నాకు కోపం లేదు. కానీ ఎవరూ బోర్డు పెట్టకుండానే కుర్చీ ఒకడికి, తాడు ఒకడికి ఎట్లా పోయిందో అడగకుండా ఉండలేను. కులం పనిని ఒక్కదాన్నే పంచదు, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లోనే వాదించినాడు. మెట్లు అని ఆయన ఊరికే అనలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ విషయం మన సంఘాల్లో చాలామందికి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

వేరే రాష్ట్రానికి తీసుకుపోయి పని చేయించుకునే కూలీల కోసం 1979లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. అందులో 16వ సెక్షన్ కంట్రాక్టరు బాధ్యతలు చెబుతుంది. జీతం సరిగ్గా ఇవ్వాల, ఉండేదానికి చోటు చూపాల, వైద్యం చేయించాల, ఒంటికి రక్షణగా బట్టలు ఇవ్వాల. ఆ బట్టలేంటివో 1980 నాటి కేంద్ర నిబంధనల్లో 38వ రూలు విప్పి చెప్పింది. ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు తగ్గేచోట ప్రతి వలస కార్మికుడికీ రెండేండ్లకు ఒకసారి ఒక ఉన్ని కోటు, ఒక ఉన్ని ప్యాంటు. 5 డిగ్రీలకు తగ్గేచోట మూడేండ్లకు ఒకసారి పెద్ద ఓవర్‌కోటు. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని పనులకు రాసిన రూలు అది, రాష్ట్రాలు తమ రూల్సు వేరుగా రాసుకున్నాయి. అయినా ఆ 20 అంకె చూడండి. బెంగుళూరులో డిసెంబరు, జనవరి పొద్దులు దాదాపు అన్నీ 20కి కిందే. అంటే నలభై ఏండ్ల కిందటే ఢిల్లీలో కూచున్న ఒక గుమాస్తాకు కూడా ఈ చలి చలే అని తెలుసు.

మరి కోటు ఎవరికి అందింది? నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ అందలేదు, ఒక్కరూ విననేలేదు. ఆ చట్టం కంట్రాక్టరు సొంత రాష్ట్రంలో మాట్లాడుకోని తీసుకుపోయిన కార్మికుడికే వర్తించేది, అదీ అయిదుగురైనా ఉంటేనే. మన పిల్లల్ని కంట్రాక్టరు రామకుప్పం వచ్చి తీసుకుపోడు. "మా ఊరి అన్న ఫోన్ చేసినాడు, వచ్చేసినాను" అంటారు. కాగితం ఉండదు, కాగితం లేకపోతే వలస కార్మికుడు కాదు, తనంతట తాను చలికి వచ్చినోడు!

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం పోయి వృత్తి భద్రత, ఆరోగ్యం మీద కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో ఒక మంచి ఉంది. తనంతట తాను వేరే రాష్ట్రానికి పోయి పనిలో చేరినవాణ్ణి కూడా, నెలకు 18,000 రూపాయలకు మించని జీతం ఉంటే, వలస కార్మికుడిగానే చూస్తుంది. ఒక చెడు కూడా ఉంది. వలస కార్మికుల భాగం వర్తించాలంటే అయిదుగురు చాలరు, పదిమంది వలస కార్మికులు ఉండాల. కంట్రాక్టరు బాధ్యతలు చెప్పే 60వ సెక్షన్లో పని పరిస్థితులు బాగుండాలని ఉంది, ప్రమాదం జరిగితే తెలపాలని ఉంది, ఈఎస్‌ఐ, పీఎఫ్, వైద్య పరీక్ష ఉన్నాయి. పాత 16వ సెక్షన్లో ఉన్న బట్టల మాట ఇక్కడ లేదు. అందని కోటును కాగితం మీదనుంచి కూడా విప్పేసినారు.

ఇక మన సంగతి. ప్రతి జనవరిలో మన వాడల్లో దుప్పట్ల పంపిణీ జరుగుతుంది. ఎవరో ఒక పెద్దమనిషి పుట్టినరోజు, లేదా క్లబ్బువాళ్ల సేవ. ముసలమ్మ దుప్పటి ఒక కొస పట్టుకుంటుంది, పెద్దమనిషి ఇంకో కొస పట్టుకుంటాడు, ఫోటో అయ్యేదాకా వదలడు. రెండేండ్ల కిందట మా సంఘం కూడా ఒక దాతతో ఇదే చేయించింది. దుప్పట్ల మూట మోసింది నేనే. దుప్పటి చెడ్డదని అనను, ముసలివాళ్లకు ఆ రాత్రి వెచ్చదనం నిజం. కానీ ఆ సాయంత్రం ఇదే పిల్లోడి తాత నన్ను అడిగినాడు, "అయ్యోరా, వీళ్లు మాకు బాకీ పడింది ఇయ్యకుండా, ఇంకోటేదో ఇచ్చి దండం పెట్టించుకుంటా ఉండారే" అని. అప్పుడు నవ్వేసినాను. 38వ రూలు చదివిన రోజు ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

"అలవాటైపోతాది సార్" అంటారు పిల్లలు. చేతులకు ఏదీ అలవాటు కాదు, వేళ్లు మొద్దుబారడాన్నే అలవాటు అనుకుంటా ఉన్నారు. న్యూయార్కులో నీళ్లు గడ్డకట్టే చలిలో అద్దాలు తుడిచేవాళ్లు ఉన్నారు. వాళ్లకు యూనియన్ ఉంది. గాలి గంటకు 25 మైళ్లు దాటితే మనుషులున్న తుడుపు ఊయలను నడపకూడదని అమెరికా ప్రభుత్వ రూలు ఉంది. అంత దూరం ఎందుకు, బెంగుళూరులోనే చూడండి. 2022 జూలైలో పౌరకార్మికులు చీపుర్లు కింద పెట్టి రోడ్డు మీద కూచున్నారు, ఉద్యోగాలు పర్మనెంటు చేస్తామని కర్ణాటక ప్రభుత్వం మాట ఇచ్చేదాకా లేవలేదు. వాళ్లలో మన భాష మాట్లాడే ఆడవాళ్లు ఎంతోమంది. నాలుగు దినాలు చెత్త ఎత్తకపోతే నగరం ముక్కు మూసుకుంటుంది. అద్దం తుడవకపోతే ఎవరికీ వాసన రాదు, అందుకే ఈ పిల్లల గొంతు ఇంకా ఎవరికీ వినబడలేదు.

అడగాల్సింది పెద్ద కోరికలేం కావు. డిసెంబరు, జనవరిలో పని ఎండ వచ్చినాక మొదలుపెట్టాల, ముందు తూర్పు గోడ, తర్వాత పడమర. ఎండకు మచ్చలు పడతాయంటే కొంచెం కొంచెంగా తడిపి తుడిచే టైము ఇవ్వాల. బకెట్లో గోరువెచ్చని నీళ్లు పొయ్యాల, కరెంటు కాయిలు ఒకటి చాలు. లోపల నూలు గ్లౌజు, పైన మోచేతి దాకా రబ్బరు గ్లౌజు, తడవని చొక్కా, కిందికి దిగినాక మార్చుకునేదానికి పొడిబట్ట. వేళ్లకు స్పర్శ తెలియడం లేదంటే దించాల, ఆ గంట జీతం కొయ్యకూడదు. ఆ కోటు కూడా. ఇవి వచ్చేలోపల, పిల్లలూ, పని అయినాక చేతులు మంచినీళ్లతో కడుక్కోని తుడుచుకోని కొబ్బరినూనె పట్టించుకోండి, పగుళ్లున్న చేత్తో మందు కలపొద్దండి. కొంకర్లు పోయిన చేతుల్ని మంటలో పెట్టొద్దండి, వేడి తెలవక కాలిపోతాయి, చంకలో పెట్టుకోండి.

అర్జీ రాసినాము. కన్నడంలో రాయించినాము, బంగారుపేట దగ్గర పనిచేసే ఒక మాస్టరు సాయం చేసినాడు. సంతకం పెట్టమంటే కొందరు పెట్టినారు, ఇద్దరు పెట్టలేదు. పెట్టనివాళ్లలో నా విద్యార్థి ఒకడు. చెల్లెలి పెండ్లి ఉంది సార్, పని తీసేస్తే కష్టం అన్నాడు. వాడిని నేను తప్పు పట్టను. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి "పేరు లేకుండా వేలిముద్ర వేస్తే కుదురుతుందా సార్" అని అడిగినాడు. కుదరదని చెప్పినాను.

ఆదివారం సాయంత్రాలు మా బడి పక్కన చింతచెట్టు కింద కూచుంటున్నాము. బెంగుళూరులో అద్దాల పని, హౌస్ కీపింగ్ పని చేసేవాళ్లు ఎవరైనా రావచ్చు. జీతం చీటీ, ఈఎస్‌ఐ కార్డు ఉంటే జిరాక్సు తెచ్చుకోండి. లేకపోతే మిమ్మల్ని పనికి పిలిచిన మనిషి ఫోన్ నంబరు, మీరు తుడిచే బిల్డింగు పేరు ఒక కాగితం మీద రాసుకోని రండి.