ఓటు తెచ్చినందుకు శిక్ష

స్పెయిన్‌లో 1931 ఎన్నికలకు ఓ వింత నిబంధన ఉండేది. మహిళలు పోటీ చేయొచ్చు, గెలవొచ్చు. ఓటు మాత్రం వేయకూడదు. అలా మగవాళ్ల ఓట్లతోనే మాడ్రిడ్ నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైన క్లారా కాంపొఅమోర్ కొద్ది నెలల్లోనే ఆ వింతకు తెర దించారు. తన రాజకీయ జీవితానికీ తెర పడుతుందని అప్పటికి ఆమెకు తెలియదు.

క్లారా 1888లో మాడ్రిడ్‌లో సామాన్య కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో చదువు మానేసి కుట్టుపని చేశారు, దుకాణంలో కొలువు చేశారు. ఆ తర్వాత తంతి తపాలా శాఖలో చేరారు. 1914లో పోటీ పరీక్ష నెగ్గి, వయోజన మహిళలకు టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పే టీచరయ్యారు. ఉన్నత పాఠశాల పట్టా లేదు కనుక అంతకు మించి బోధించే అర్హత లేదు. ముప్పై దాటాక మళ్లీ పుస్తకాలు పట్టి, 36వ ఏట న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు.

రాజ్యాంగ సభలో ఆమెకు అడ్డు నిలిచినవారిలో అభ్యుదయవాదులే ఎక్కువ. మహిళలు చర్చి మాట విని మితవాదులకు ఓటేస్తారని, పసిగుడ్డు లాంటి రిపబ్లిక్ కూలిపోతుందని వారి భయం. సభలోని మరో మహిళ విక్టోరియా కెంట్ సైతం ఇప్పుడే వద్దన్నారు. క్లారా సొంత పార్టీ రాడికల్స్‌లోనూ అత్యధికులు ఎదురు తిరిగారు. ఎవరికి వేస్తారో లెక్క చూసుకుని ఇస్తే అది హక్కెలా అవుతుందన్నదే ఆమె వాదన సారాంశం. అక్టోబర్ 1న 161-121 ఓట్లతో ఆమె పంతం నెగ్గింది. డిసెంబర్‌లో దాన్ని వాయిదా వేయించే ప్రయత్నం కేవలం నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది.

1933 నవంబర్‌లో మహిళలు తొలిసారి సాధారణ ఎన్నికల్లో ఓటేశారు. మితవాదులు గెలిచారు, క్లారా ఓడిపోయారు. వామపక్షాలు విడివిడిగా పోటీ చేయడం, అనార్కిస్టులు ఓటింగ్‌కు దూరంగా ఉండడం మరుగున పడిపోయి, నింద మహిళల మీద, వారికి ఓటు తెచ్చిన క్లారా మీద పడింది. 1936 ఫిబ్రవరిలో అదే మహిళలు ఓటేసిన ఎన్నికల్లో వామపక్ష కూటమి నెగ్గింది. కానీ ఆ ఎన్నికల్లో ఆమెకు పోటీ చేసే అవకాశమే దక్కలేదు. ఆ ఏడాది తన పోరాటంపై రాసిన పుస్తకానికి ఆమె పెట్టిన పేరులో 'నా మహాపాపం' అన్న మాట ఉంది.

అంతర్యుద్ధం మొదలయ్యాక ఆమె దేశం విడిచారు. ఫ్రాంకో పాలనలో తిరిగొస్తే జైలే గతి. బ్యూనస్ ఎయిరెస్‌లో, తర్వాత స్విట్జర్లాండ్‌లో గడిపి 1972లో లొజాన్‌లో కన్నుమూశారు. స్పెయిన్ మహిళలు మళ్లీ స్వేచ్ఛగా ఓటేసింది అయిదేళ్ల తర్వాత, 1977లో. ఈసారి వారికి ఓటు ఇవ్వాలా వద్దా అని సభలో ఎవరూ లెక్కలు వేయలేదు.