నాలుగు గళ్ల కాల్షీటు

సినిమా పత్రికలో పేపరు బొమ్మల గోలేమిటండీ అని విసుక్కోకండి. చార్లీ బ్రౌన్ అనే గుండుతల కుర్రాడూ, స్నూపీ అనే వాడి కుక్కా మీకు 2015లో వచ్చిన బొమ్మల సినిమా వల్లనో, టీషర్టుల వల్లనో పరిచయమయ్యే వుంటారు. వాళ్లు తెరకెక్కకముందు అమెరికా దినపత్రికల్లో రోజుకూలీలు. పొద్దున్నే నాలుగు గళ్లలో కనిపించి, నవ్వించి వెళ్లిపోవాలి. ఆ స్ట్రిప్పు పేరు 'పీనట్స్'. దాన్ని గీసిన చార్లెస్ షుల్జ్ మహాశయుడు 1950 అక్టోబరు 2న మొదలెట్టాడు. ఆఖరిది 2000 ఫిబ్రవరి 13న వచ్చింది. మొత్తం 17,897. అంకె తప్పు పడలేదు, పదిహేడువేల ఎనిమిదివందల తొంభైయేడే!

ఈ సంగతి యిప్పుడెందుకంటే, మన కుర్ర రచయితల్ని యెవర్ని పలకరించినా ఒకటే పాట. "స్క్రిప్టు యెందాకా వచ్చిందోయ్?" అంటే "మూడ్ రావడం లేదన్నా" అంటారు. కృష్ణానగర్ టీకొట్ల దగ్గర టీలు చల్లారిపోతుంటాయి, నెలలు గడిచిపోతుంటాయి, ఆ మూడ్ మహారాజు మాత్రం దయచెయ్యడు. నాబోటి ఫ్రీలాన్సుగాడికి ఆ సౌకర్యం లేదు. రాస్తేనే డబ్బు. కనుక రోజూ గీసి బతికినవాడు యెలా గీశాడన్నది నాకు కాస్త సొంత వ్యవహారమే.

షుల్జ్ తండ్రికి సెయింట్ పాల్ నగరంలో మంగలిషాపు వుండేది. పొద్దున్నే కొట్టు తలుపు తీసేవాడికి మూడ్‌తో పనేముంది? కొడుకుదీ అదే పద్ధతి. కాలిఫోర్నియాలో శాంటా రోసా అనే వూళ్లో తను కట్టించిన ఐస్ స్కేటింగు మైదానం వుంది, 1969లో తెరిచారు. అక్కడి హోటల్లో టిఫిను చెయ్యడం, పక్కనే వున్న స్టూడియోకి రావడం, బల్లముందు కూర్చోవడం. ఆలోచన వచ్చాక కూర్చోవడం కాదు, కూర్చున్నాక ఆలోచన కోసం చూడటం. చిత్తుకాగితం మీద యేదో పిచ్చిగీత గీస్తాడు. స్నూపీ వెల్లకిలా పడుకున్నట్టో, చార్లీ బ్రౌన్ తల పట్టుకున్నట్టో. ఆ భంగిమలోంచి ఒక మాట పుట్టేది. పుట్టని రోజులూ వుండేవి. అయినా మర్నాడు మళ్లీ అదే కుర్చీ.

అలాగని రాత్రి గీస్తే తెల్లారి పేపర్లో పడుతుందనుకునేరు! రోజువారీ బొమ్మలు సుమారు ఆరువారాల ముందే వెళ్లిపోవాలి. రంగుల్లో వచ్చే ఆదివారం బొమ్మ యింకా ముందు. అంటే క్రిస్మస్ జోకు పుట్టాల్సింది నవంబరు నడిమిలో. మన సంక్రాంతి సినిమా పాటలు యెండాకాలంలో తీసినట్టన్నమాట. ఈ ఆరువారాల నిల్వే అతని ధైర్యం. జ్వరమొచ్చినా పేపరు ఆగదు, కానీ నిల్వ తరుగుతుంది. తరిగింది మళ్లీ పూడ్చాలి. యాభైయేళ్లలో గట్టిగా సెలవంటూ తీసుకున్నది ఒక్కసారే, 1997లో, డెబ్భై అయిదో పుట్టినరోజని అయిదు వారాలు. ఆ రోజుల్లో పేపర్లు పాత బొమ్మలు వేసుకున్నాయి.

బుర్ర యెండిపోకుండా యేం చేశాడన్నదే నాకు అన్నిటికన్నా ముచ్చటైన సంగతి. కొత్త కథల కోసం దేశాలు పట్టిపోలేదు. పాత్రల్ని పట్టుకున్నాడు. చార్లీ బ్రౌన్ యెప్పుడూ ఓడిపోతాడు. లూసీ దబాయిస్తుంది, అయిదు సెంట్లకి మనోవ్యాధులకు సలహా అమ్ముతుంది. లైనస్ దుప్పటి వదలడు. ష్రోడర్ బొమ్మ పియానో మీద బీథోవెన్‌ని వాయిస్తాడు, బీథోవెన్ పుట్టినరోజు పండుగలా చేస్తాడు. మన సూర్యకాంతం గారు గుమ్మంలో నిలబడి చెయ్యి తిప్పితే చాలు, రచయిత సగం డైలాగు రాయక్కర్లేదు, హాలు ముందే నవ్వుతుంది. బ్రహ్మానందం గారిదీ అంతే. ఇద్దరు మొండివాళ్లని ఒక గదిలో పెడితే గొడవ దానంతటదే వస్తుంది. ఆర్.కె. లక్ష్మణ్ గారు 1951 నుంచి 'టైమ్స్ ఆఫ్ ఇండియా'లో గీసిన సామాన్యుడైతే నోరే విప్పడు. చుట్టూ లోకం వాగుతుంటే గళ్లకోటు వేసుకుని చూస్తూ నిలబడతాడు. రోజూ రావడానికి అతనికి ఆ మౌనమే టిక్కెట్టు.

ఇంకో చిత్రం చూడండి. యేటా ఫుట్‌బాల్ కాలం రాగానే లూసీ బంతి పట్టుకుంటుంది, చార్లీ బ్రౌన్ పరుగెత్తుకొస్తాడు, తన్నబోయే క్షణంలో లాగేస్తుంది, వాడు వెల్లకిలా పడతాడు. లూసీ ఆ ఆట 1952లోనే మొదలెట్టింది. లాగేస్తుందని మనకి తెలుసు, వాడికీ తెలుసు. ఈసారి యేం చెప్పి నమ్మిస్తుందన్నదే ప్రశ్న. హీరో గెలుస్తాడని తెలిసీ మొదటిరోజు మొదటాటకు క్యూలో నిలబడేవాళ్లకి నేను యిది విడమర్చి చెప్పాలా?

నాలుగు సమానమైన గళ్ల నియమం అతను కోరుకున్నది కాదు. పేపరువాళ్లు స్థలాన్నిబట్టి అడ్డంగానో, నిలువుగానో, రెండు మీద రెండుగానో వేసుకోవచ్చని అమ్మకందార్లు పెట్టిన షరతు. స్ట్రిప్పు పేరూ వాళ్లు పెట్టిందే, షుల్జ్‌కి చివరిదాకా నచ్చలేదు. కానీ ఆ యిరుకులోనే చాలాయేళ్లు కాపరం చేశాడు. గది చిన్నదైతే వూడ్చుకోవడం సుళువు కాబోలు. బాపు గారు గుర్తొస్తున్నారు. కార్టూన్లు గీసిన చేత్తోనే 1967లో 'సాక్షి' తీసి దర్శకుడైన ఆయన, షాటు షాటుకీ ముందే కాగితం మీద బొమ్మ వేసుకునేవారు. గడిలో యేముండాలో తేల్చుకున్నవాడికి కెమెరా దగ్గర తడుముకోవాల్సిన పని తక్కువ.

అందరూ యిలాగే చేశారా అంటే, లేదు. 'గార్‌ఫీల్డ్' పిల్లిని 1978లో పుట్టించిన జిమ్ డేవిస్ 1981లో కంపెనీ పెట్టాడు, గీయడానికి సహాయకులున్నారు. తప్పుపట్టను, పెద్ద బ్యానరు నడిపే నిర్మాత అలాగే చేస్తాడు. 'కాల్విన్ అండ్ హాబ్స్' గీసిన బిల్ వాటర్సన్ దారి వేరు. బొమ్మలూ, టీషర్టులూ అమ్మడానికి ఒప్పుకోలేదు. రెండుసార్లు తొమ్మిదేసి నెలలు సెలవు తీసుకున్నాడు. 1985లో మొదలెట్టింది 1995 డిసెంబరు 31న, మంచి పేరులో వుండగానే ఆపేశాడు. పాఠకుడిగా నా వోటు వాటర్సన్ బొమ్మలకే, అంత అందం దినపత్రికలో అరుదు. కానీ "మూడ్ రాలేదన్నా" బాపతు వాళ్లు ఆయన్ని అడ్డం పెట్టుకుంటే వూరుకోను. ఆయన సెలవు తీసుకున్నది అయిదేళ్లు రోజూ గీశాక!

షుల్జ్ మాత్రం దినపత్రిక బొమ్మకి యెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. గీత తనే, అక్షరాలూ తనే. తనకు అలవాటైన పాళీ తయారుచేసే ఎస్టర్‌బ్రూక్ కంపెనీ మూతపడుతోందని తెలిసి, మిగిలిన ఆ పాళీల నిల్వంతా కొనేశాడట! పాళీలు నిల్వ చేసుకోవచ్చు గానీ చెయ్యి నిల్వ వుంటుందా? 1981లో గుండె ఆపరేషను. ఆ తర్వాతి బొమ్మలు వరసగా చూడండి, గీత వణుకుతూ వుంటుంది. స్నూపీ వీపు, గడ్డిపరక, వానచినుకు, అన్నిట్లోనూ ఆ వణుకు. దాచడానికి మనిషిని పెట్టుకోవచ్చు, డబ్బుకి కొదవా? పెట్టుకోలేదు. ఆ వణుకుతోనే దాదాపు పద్దెనిమిదేళ్లు గీశాడు. నాకు ఆ గీతని చూస్తే గౌరవమూ వేస్తుంది, కోపమూ వస్తుంది. ఒక మనిషి తన వొంటితో అంత ఖరీదు కట్టాలా అని.

1999 చివర్లో జబ్బు బయటపడింది, క్యాన్సరు. డిసెంబరు 14న యిక గీయనని ప్రకటించాడు. రోజువారీ ఆఖరి బొమ్మ 2000 జనవరి 3న వచ్చింది. తన తర్వాత యెవరూ కొత్తవి గీయకూడదన్నది షరతు, అలాగే జరిగింది. ఆదివారం బొమ్మలు ముందే వెళ్లివున్నాయి కనుక యింకొన్ని వారాలు నడిచాయి. ఫిబ్రవరి 12 శనివారం రాత్రి ఆయన నిద్రలో పోయాడు. తెల్లవారితే ఆదివారం, ఆఖరి బొమ్మ వచ్చే రోజు. అందులో స్నూపీ తన గూటి మీద టైపు మిషను ముందు కూర్చుని వుంటాడు. కింద షుల్జ్ సంతకంతో పాఠకులకు సెలవు చెప్పే వుత్తరం.